అయిదో నట్టు

లతీఫ్ సాబ్ గుట్ట నీడ
మాపటీలి రెండు గడియలే పడుతది నా షెడ్డు మీద.
మిగిలిన పొద్దంతా రేకుల కింద ఉడుకుడే.
గా ఉడుకుల తోలుకొచ్చింది మెహరాజ్ మేడం
ఎనభై మూడు మోడలు ఫియట్టు,
లేత సొరకాయ రంగు.
ఇంజను గొంతు బాగనే ఉన్నది.
డ్యాష్‌బోర్డే,
పెనం మీద మరిచిపోయిన జొన్నరొట్టె లెక్క
ఈ కొస నుంచి ఆ కొసకు పలిగింది.

"అన్నీ పూడ్వాలె రూప్లా,
సోమవారం కాలేజీకి ఇదే ఏసుకపోవాలె"
అని హాలియా బస్సెక్కింది.

తొందర పని కాదిది.
స్పీడోమీటరు తీగ గుంజాలె,
గడియారం ఊడదియ్యాలె, అది ఎప్పటిదో పదీ ఇరవై దగ్గర ఆగింది.
నాలుగు నట్లు చేతికందుతయి.
అయిదోదానికి
కారు కడుపుల తలకాయ పెట్టి
ఎల్లెలకల పండుకోవాలె అరగంట.

పగుళ్లల్ల దొరికినయి:
ఒక వడ్లగింజ, సగం అగర్‌బత్తి పుల్ల,
అక్షరాలు పోయిన బస్సు టికెట్టు,
చెవికమ్మ శీల.
జర్దా డబ్బీల వేసి పెట్టిన.
ఎవరి సొమ్ము వాళ్లదే.

గౌసుద్దీన్ ఉస్తాద్ అనేటోడు,
"పగులు మూయాల్నంటే ముందుగాల పెద్దగ చెయ్యాలె బేటా.
అంచులు కొయ్యి. భయపడి పైపైన మెత్తినవనుకో,
ఎండకాలం వచ్చి దాని నోరు తెరిపిస్తది."
కోసిన. మెత్తిన. గీకిన.
మళ్లా మెత్తిన.
పక్క పార్లరు సరళక్క దగ్గర
వెంట్రుకలారబెట్టే మిషను అడుక్కొచ్చిన;
పెండ్లిపిల్ల తడి జడతోని కూసుండే,
తిట్లు గోడ దాటి వచ్చినయి.
వేడి మీదనే తోలుముక్క అద్దాలె, గరుకు దిగుతది.
నా దగ్గరున్న ముక్క ఉస్తాద్ చెప్పుది.
ఆయన పోయి తొమ్మిదేండ్లు.
ఈ జిల్లాల ఎన్ని కార్లు
ఆయన చెప్పు చర్మం కప్పుకొని తిరుగుతున్నయో!

ఎడమ దిక్కు అంచుకు
నాలుగు చిన్న గాట్లుండె, వంకరగ, పక్కపక్కన.
పగుళ్ల తీరు లేవు.
పని ఊపు మీదున్న, అవీ పూడ్చిన.

ఆదివారం రాత్రి ఫోను.
"రూప్లా, ఒక మాట మరిచిన.
ఎడమపక్క గోర్ల గుర్తులు ముట్టకు. మా నానీవి.
అమ్మ వెనక సీట్ల నొప్పులు పడుతుంటె
మళ్లి చూసే ధైర్యం లేక
దవాఖాన దాకా ముందటికే చూసుకుంట పట్టుకున్నదట.
దవాఖాన దాకా ఏంది,
కనగల్లు దాటంగనే నేను పుట్టిన."

"అట్లనే మేడం" అన్న.
ఇంకేమంట?

మెత్తింది మళ్లా వేడి చేసిన, నా గోర్లు దించిన.
గ్రీజు పట్టిన మొండి గోర్లు,
బొటుకులు పడ్డయి, గోర్లు పడలే.
చెరిపి, నిద్రల ఉన్న చాందిని లేపిన.
"గట్టిగ పట్టుకో."
"దేన్ని తలుచుకొని?" అన్నది.
నేను మిషను పట్టుకొని నిలబడ్డ, అంతే.
ఆమె ముందటి సీట్ల కూసొని
ఎదురుగ షట్టరు దిక్కు చూసింది.
వేడి పోయింది, మెత్తింది గట్టిపడ్డది,
ఆమె చెయ్యి తియ్యలే.
నేనూ తియ్యమనలే.

సోమవారం పొద్దుగాల
మేడం వంగి వేళ్లు పెట్టి చూసింది,
ఒక్కొక్క గాటుల ఒక్కొక్క వేలు.
"మా నానీ చెయ్యి ఇంకా చిన్నది" అన్నది.
నా నాలుక ఎండింది.
"ఎవరిదిది?"
"మా ఇంటామెది."
ఇంకో మాట అడగలే.
పైసలు లెక్కవెట్టి ఇచ్చింది, ఒక్క నోటు తక్కువ లేదు.
డబ్బీ మూత తీసి శీల ఒక్కటి తీసుకున్నది,
వడ్లగింజ నాకే ఇడిచింది.

కారు గడియారం స్తంభం దిక్కు మర్రిపోయింది.
పొగ సల్లబడ్డంక బల్ల దులుపుతుంటె
చేతికి తాకింది,
నూనె జిడ్డుతోని, నల్లగ,
అయిదో నట్టు.